నడుము నొప్పి బిళ్ళలు

మొదట్లో బల్లలాయన చేతిలో ఉన్నవి ఇవి: పాత బల్లలు, కుర్చీలు, బీరువాలు కొని, కాళ్ళు బిగించి, రంగు వేసి అమ్ముకునే కొట్టు ఒకటి. ఆ కొట్టు మీద రెండు గదుల ఇల్లు. ఎంత బరువెత్తినా కిక్కురుమనని నడుము. ఏడో నెల కడుపుతో ఉన్న భార్య. మొదటి మూడింటి గురించీ అతనికి బెంగ లేదు. పోయినా మళ్ళీ ఏదో ఒకలా నిలదొక్కుకోగలడు. నాలుగోదానికే గుండెలు చిక్కబట్టుకుని తిరుగుతున్నాడు. అంతకుముందు రెండుసార్లు ఆ అదృష్టం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. ఈసారి నిలబడిందని పైకి అనుకోవడానికి కూడా మొగుడూ పెళ్ళాలిద్దరికీ భయమే.

బేరంలో అతనిదొక పద్ధతి. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే వెళ్ళేవాడు. వెళ్ళీ వెళ్ళగానే మంచి టేకు బల్ల కంటపడేది. దాని వంక చూసేవాడు కాదు. పక్కనే ఉన్న కుంటి కుర్చీని పట్టుకుని తిప్పి తిప్పి చూసి, దాని మీద ఇంటివాళ్ళతో పొద్దెక్కేదాకా వాదించేవాడు. వాళ్ళు విసిగి వేసారిపోయాక గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "ఆ మూల బల్ల మీకు అడ్డంగా ఉన్నట్టుంది, దాన్ని కూడా తీసుకుపొమ్మంటారా?" అనేవాడు. అతను అబద్ధం ఆడడు. తనకేం కావాలో చెప్పడు, అంతే. ఈ రెండింటికీ మధ్య బోలెడంత తేడా ఉందని అతని నమ్మకం. ఆ తేడా మీదే కొట్టు నడిచింది, ఇల్లు లేచింది.

రోడ్డుకి అవతల మందుల షాపు ఉంది. దాన్ని నడిపే ఆవిడ మందుల చదువు చదువుకున్న మనిషి. వయసులో పెద్దది, నోరూ పెద్దదే. వీధంతా ఆవిణ్ణి మందులక్క అనేది. బల్లలాయనకి అక్క కాబట్టి అతని భార్యకి వదిన. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆ వరసలు అలా స్థిరపడిపోయాయి.

భార్యకి జలుబు చేస్తే ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

"జలుబుకి మంచి బిళ్ళ ఒకటివ్వక్కా."

"ఎవరికి?"

"మా ఇంట్లో తనకి."

"అయితే లేదు."

"అదేంటి, ఆ అర నిండా అవేగా?"

"అరలో ఉన్నాయి తమ్ముడూ, కడుపుతో ఉన్న మనిషికి లేవు. ముక్కు దిబ్బడ వదిలించే బిళ్ళ రక్తపోటు పెంచుతుంది. ఆవిరి పట్టమను. పడుకునేప్పుడు తలకింద ఇంకో దిండు పెట్టుకోమను. ఇదిగో, ఈ చుక్కలు ముక్కులో వేసుకోమను. ఉత్త ఉప్పునీళ్ళే, ఏం చెయ్యవు."

"నీళ్ళు కూడా అమ్ముకుంటున్నావా అక్కా?"

"నువ్వు చెదలు తిన్న చెక్క అమ్మట్లేదూ? అలాగే."

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు గాని లోపల ఒకటే ఆశ్చర్యం. అరల నిండా సరుకు పెట్టుకుని, వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపే వ్యాపారం ఏం వ్యాపారం? ఇంటికొచ్చి అదే మాట అంటే, భార్య మూసుకుపోయిన ముక్కుతోనే నవ్వింది. "వదిన మీకంటే గట్టిది. ఆవిడ దగ్గర మీ పప్పులు ఉడకవు" అంది. జలుబు దానంతట అదే పోయింది.

ఆ తర్వాత తలనొప్పి వచ్చింది.

పొద్దున్నే నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని, మంచం కోళ్ళకి ఆనుకుని నేల మీద కూర్చుంది. అతను పరుగున రోడ్డు దాటాడు. ఈసారి మందులక్క బిళ్ళలు ఇచ్చింది, మామూలు జ్వరం బిళ్ళలు. ఇస్తూ వేలు చూపించి చెప్పింది. "ఇది వేసుకోవచ్చు. దీంతో తగ్గకపోతే ఇంకోటి వెతుక్కోవద్దు. నాకొచ్చి చెప్పు. తిన్నగా ఆస్పత్రికి పంపిస్తా. ఈ నెలల్లో తగ్గని తలనొప్పిని ఊరికే వదలకూడదు."

అతను ఇంటికొచ్చి బిళ్ళ ఇచ్చాడు, ఆవిడ చెప్పిన మాట కూడా చెప్పాడు. ఆస్పత్రి అనగానే భార్య మొహం పాలిపోయింది.

"ఆ మాట ఎత్తకండి. రెండుసార్లు నిండుగా వెళ్ళాను, ఖాళీగా వచ్చాను. ఆ వాసన తగిలితేనే నాకు కాళ్ళు వణుకుతాయి. ఎలాగూ వచ్చే వారం చూపించుకునే రోజు ఉందిగా, అప్పుడు చెప్పుకుందాం. అప్పటిదాకా తీసుకెళ్ళనని మాటివ్వండి."

"సరేలే."

"సరేలే కాదు. మాట."

ఇచ్చాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ ఇవ్వక చస్తాడా?

బిళ్ళ వేసుకున్నా నొప్పి తగ్గలేదు. కిటికీకి పాత దుప్పటి కట్టి వెలుతురు రాకుండా చేశాడు. కింద కొట్టులో సుత్తి చప్పుడు ఆపేశాడు. రంగు డబ్బాలకి మూతలు బిగించి వాసన రాకుండా వెనక పెరట్లో పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టి పడుకుంటే, కాలు కాలిన పిల్లిలా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయాడు. మందులక్కకి చెప్తే ఆస్పత్రి అంటుంది. ఆస్పత్రి అంటే ఈమె ఏడుస్తుంది. ఇద్దరి మధ్యా తను. అటూ ఇటూ కదల్లేని చోట అతనికి తెలిసిన దారి ఒక్కటే, బేరం.

మర్నాడు మందుల షాపుకి వెళ్ళి దూది అడిగాడు. తర్వాత కాలి పగుళ్ళకి రాసుకునేది అడిగాడు. దెబ్బకి చుట్టే గుడ్డ చూపించమని, ఇది వెడల్పు, అది సన్నం అంటూ మందులక్కతో చాలాసేపు తగువు పెట్టుకున్నాడు. ఆవిడ తల పట్టుకుంది. "బాబోయ్, నీకు గుడ్డ అమ్మేకంటే దుప్పటి నేసుకోవడం నయం" అంది. అతను అన్నీ సంచీలో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, నడుము మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు అక్కా, నొప్పికి కాస్త గట్టి బిళ్ళలేమైనా ఉన్నాయా?"

"నడుమా? నీకేనా?"

"బీరువాలు మోసేది నేనేగా."

మందులక్క కళ్ళజోడు పైకి జరిపి అతని వంక చూసింది. చెమటకి తడిసిన చొక్కా, భుజం మీద చెక్కపొట్టు. నమ్మని వాళ్ళెవరు? అర లాగి బిళ్ళలు తీసింది. "తిన్నాకే వేసుకో. కడుపులో మంటగా ఉంటే ఆపెయ్. రెండు మూడు రోజులకి మించి వాడకు. మీ ఇంట్లో అందకుండా విడిగా పెట్టు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు" అంది.

ఆ చివరి మాట అతను విన్నాడు. విని, అమ్మేవాళ్ళు చెప్పే అతి జాగ్రత్తల్లో అదీ ఒకటనుకున్నాడు. తను మాత్రం బల్ల అమ్మేటప్పుడు ఎండలో పెట్టకండి, తడి తగలనివ్వకండి అని చెప్పడూ? ఎండలో పెట్టిన బల్లలన్నీ విరిగిపోతున్నాయా ఏంటి?

"మందులక్క ఇచ్చింది" అని భార్య చేతిలో బిళ్ళ పెట్టాడు. ఆ మాటా నిజమే.

ఆమె మధ్యాహ్నమంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచి తల దువ్వుకుంది. కిటికీకి కట్టిన దుప్పటి తనే విప్పింది. "కింద చప్పుడే లేదు, కొట్టు మూసేసి సన్యాసం పుచ్చుకున్నారా?" అని వేళాకోళమాడింది. ఆ మొహం చూస్తుంటే తను జీవితంలో ఆడిన బేరాలన్నింటిలోకీ ఇదే గొప్పదనిపించింది. ఎవరికీ నష్టం లేదు, ఇచ్చిన మాటా నిలబడింది.

నొప్పి మళ్ళీ వచ్చింది. బిళ్ళ వేస్తే పోయేది, బిళ్ళ బలం తగ్గితే వచ్చేది. అతను మళ్ళీ వెళ్ళాడు, ఆ తర్వాత ఇంకోసారీ వెళ్ళాడు. రోడ్డు దాటేటప్పుడే చెయ్యి నడుము మీదకి వెళ్ళేది. ఒకనాడు కుడివైపు పట్టుకున్నాడు, ఇంకోనాడు ఎడమవైపు.

"నీ నొప్పి బాగా తిరుగుబోతులా ఉందే" అంది మందులక్క. "ఇదే ఆఖరు. ఇక ఇవ్వను. ఎముకల డాక్టరుకి చూపించుకో. బిడ్డ పుట్టాక ఎత్తుకోవడానికి నడుం ఉండొద్దూ?"

ఇంట్లో భార్య వేలికి ఉంగరం బిగుసుకుంది, సబ్బు రాసి తీశారు. చెప్పులు పట్టకపోతే అతను పెద్దవి తెచ్చాడు. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు కనిపించేది. కడుపుతో ఉన్నాక ఒళ్ళు చెయ్యదా అనుకున్నాడు. "కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయండీ" అంటే, ఎండ గోడ మీద పడి కొడుతోందనుకుని దుప్పటి మళ్ళీ కట్టాడు. తనకి చేతనైనదంతా చేస్తూనే ఉన్నాడు. చేతనైంది దుప్పటి కట్టడం వరకే.

చూపించుకోవాల్సిన రోజు ఇంకా రాలేదు. ఆ ఉదయం ఒక పెద్ద బీరువా పంపించాల్సి వచ్చింది. బండివాడు చేతికి కట్టు కట్టుకుని వచ్చాడు, ఎత్తలేనన్నాడు. బల్లలాయన ఆలోచించలేదు. తలపాగా చుట్టి, వంగి, బీరువాని వీపు మీదకి ఎక్కించుకుని, కొట్టు మెట్లు మూడూ దిగి, బండి దాకా నడిచి, నెమ్మదిగా దించి, దుమ్ము దులుపుకున్నాడు.

"తమ్ముడూ!"

మందులక్క. షట్టరు సగం ఎత్తి, తాళంచెవి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అతని చెయ్యి నడుము మీదకి వెళ్ళింది గాని అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆవిడ రోడ్డు దాటి వచ్చింది. "గుర్రానికుండదు నీ నడుము. మరి నా దగ్గర పట్టుకెళ్ళిన బిళ్ళలన్నీ ఎవరి కడుపులోకి పోతున్నాయి?"

అతను తలపాగా విప్పి చేతికి చుట్టుకున్నాడు.

"చెప్పు."

"తలనొప్పికి అక్కా... తగ్గలేదు. ఆస్పత్రి అంటే ఏడుస్తుంది. మాటిచ్చాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆవిడ వెనక్కి వెళ్ళి రక్తపోటు చూసే పెట్టె పట్టుకొచ్చి, అతన్ని తోసుకుంటూ మెట్లెక్కింది. సగం ఎత్తిన షట్టరు అలాగే ఉండిపోయింది. ఆవిడ షాపు అలా వదిలేసి వెళ్ళడం అతను ఎప్పుడూ చూడలేదు.

భార్య మంచం మీద కూర్చుని ఉంది. "రండి వదినా" అని లేవబోయింది. మందులక్క భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పాదం మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముల్లు వంక చూసింది. పట్టీ విప్పి, కాసేపాగి, ఇంకో చేతికి చుట్టింది.

"కళ్ళు మసకేస్తున్నాయా తల్లీ?"

"మెరుపులొస్తున్నాయి వదినా."

"డొక్కలో నొప్పి?"

"రాత్రి నుంచీ ఉంది. అన్నం అరగలేదనుకున్నా."

"లే. చెప్పులేసుకో."

"ఎక్కడికి?" అంది గాని, అప్పటికే తెలిసిపోయింది. మొగుడి వంక చూసింది. "మాటిచ్చారు కదండీ."

అతను వంగి ఆమె కాళ్ళకి చెప్పులు తొడిగాడు. పెద్దవి తెచ్చినా అవీ పట్టలేదు.

ఆటోలో ఆమెని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. "మీరిచ్చిన బిళ్ళలు బాగానే పనిచేశాయి వదినా, మరి ఇలా ఎందుకైంది?" అని అడిగింది. మందులక్క రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. అతనూ అటే చూశాడు. చెప్పాలనుకున్నాడు. ఆమె వేళ్ళు తన వేళ్ళని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ మాట చెప్తే ఆ పట్టు వదిలేస్తుందేమోనని భయమేసింది. ఈ మలుపు దాటాక చెప్దామనుకున్నాడు. మలుపులన్నీ అయిపోయి ఆస్పత్రి వచ్చేసింది.

లోపల డాక్టరమ్మ చకచకా పరీక్షలు చేసింది. కడుపు మీద యంత్రం పెట్టి తెర వంక చూస్తూ అడిగింది. "మందులేమైనా వాడుతున్నారా?"

"తలనొప్పి బిళ్ళలండీ. మా వదినకి మందుల షాపు ఉంది, ఆవిడే ఇచ్చింది" అంది భార్య. కొంగున ముడేసుకున్న ఖాళీ బిళ్ళల పట్టీ తీసి చూపించింది.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, మందులక్క వైపు తిరిగింది. "మీరేనా? చదువుకున్నారా, లేక ఎవరి పేరో పెట్టి షాపు నడుపుతున్నారా? ఏడో నెల ఆడమనిషికి ఇవి ఇస్తారా ఎవరైనా? మీ మీద ఫిర్యాదు చెయ్యాలి అసలు."

మందులక్క తల వంచుకుని నిలబడింది. నోరు పెద్దదని వీధంతా చెప్పుకునే మనిషి.

అతను చూశాడు. ఆ నింద ఆవిడ నెత్తిన ఎక్కి కూర్చుంది. తను ఊరుకుంటే అక్కడే ఉండిపోతుంది. ఇలాంటి చోట ఊరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఆవిడ నాకిచ్చింది డాక్టరుగారూ" అన్నాడు. "నడుము నొప్పి ఉన్నట్టు నమ్మించి నేనే తీసుకున్నాను. ఈమెకి పనికిరావని కూడా ఆవిడ చెప్పింది. నేనే తెచ్చి వేశాను."

భార్య అతని వంక చూడలేదు. అతని చేతిలోంచి తన వేళ్ళు నెమ్మదిగా వెనక్కి తీసుకుని, మందులక్క కొంగు పట్టుకుంది.

డాక్టరమ్మ విషయం చెప్పింది. రక్తపోటు బాగా ఎక్కువైంది. ఉమ్మనీరు తగ్గిపోయింది. బిళ్ళలు ఆపెయ్యాలి, ఇక్కడే ఉండాలి. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి సూదిమందు ఇస్తారు. ఎన్నాళ్ళు లోపల ఉంచగలిగితే అంత మంచిది. ఉంచలేకపోతే కోసి బిడ్డని బయటికి తియ్యాలి.

"ఆ బిళ్ళల వల్లే నీళ్ళు తగ్గాయాండీ?" అని అడిగాడు అతను.

"అయ్యుండొచ్చు. ఈ రక్తపోటు వల్ల కూడా తగ్గుతాయి. రెండూ ఉన్నాయి. దేనివల్ల ఎంత అనేది ఎవరూ విడదీసి చెప్పలేరు."

"తలనొప్పి మొదలైన రోజే తీసుకొచ్చి ఉంటే?"

"తీసుకురాలేదు కదా" అంది డాక్టరమ్మ. ఆ మాటలో కోపం కూడా లేదు. వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ ఒక కాలు వదులుగా ఉంది. వేళ్ళతో బిగించాడు, కాసేపటికి మళ్ళీ వదులైంది. మందులక్క పక్కన కూర్చుని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"లోపల ఎందుకు చెప్పలేదక్కా? నా తప్పని ఒక్క మాట అంటే సరిపోయేది."

"ఆ సమయంలో దాని చేతిలో ఉన్నది నీ చెయ్యి ఒక్కటే. అది కూడా లాగెయ్యడం ఎందుకనుకున్నా" అంది. కళ్ళజోడు తగిలించుకుని, "నేనూ కళ్ళు పెట్టుకుని చూడలేదులే. కుడి నడుమూ ఎడమ నడుమూ అని నవ్వుకున్నాను గాని, ఎదురింట్లో కడుపుతో ఉన్న మనిషి ఎలా ఉందని ఒక్కసారి మెట్లెక్కలేదు" అంది.

ఆ తర్వాతి రోజుల్లో అతను నర్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆమె అతన్ని దాటుకుని వెళ్ళిపోయేది. డాక్టరమ్మని పట్టుకుని, ఇంకొన్నాళ్ళు ఆగితే ఎలా ఉంటుంది, వేరే మందేమైనా ఉందా, పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తే నయమా అని అడిగేవాడు. ఆవిడ ఓపిగ్గానే చెప్పేది. ఏ ప్రశ్న అడిగినా జవాబు చివరికి ఒక్కటే, చూద్దాం అని. అవతలివాళ్ళు దాచిపెట్టుకున్నదేదో ఉంటే దాన్ని లాగడం అతనికి తెలుసు. ఇక్కడ ఎవరూ ఏదీ దాచుకోలేదు. వాళ్ళకీ తెలియదు. తెలియనిదాన్ని ఎవరి దగ్గర లాగుతాడు?

భార్యని చూడనిచ్చినప్పుడు మంచం పక్కన నిలబడేవాడు. ఆమె గోడవైపు తిరిగి ఉండేది. "ఎలా ఉందే?" అంటే "కదులుతోంది" అనేది. మొదట్లో గట్టిగా కదులుతోంది అంది. తర్వాత కదులుతోంది అంది. ఆ తర్వాత ఒకరోజు అతని చెయ్యి తీసి కడుపు మీద పెట్టింది. "మీకు తెలుస్తోందా?" అని అడిగింది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తెలియలేదు.

"తెలియట్లేదు" అన్నాడు.

ఆమె గట్టిగా నర్సుని పిలిచింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. మంచం చక్రాల మీద కదిలి తలుపు వెనక్కి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అక్కడ అతనికి పనేమీ లేదు. మందులక్క వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయారు.

చివరికి చేతికొచ్చింది ఇది.

ఒక ఆడపిల్ల. చాలా చిన్నది. అద్దాల పెట్టెలో, ముక్కులో గొట్టంతో, చర్మం కింద నరాలు కనిపిస్తూ ఉంది. బతికి ఉంది. మూత్రపిండాలు మెల్లగా పని మొదలుపెట్టాయని, ఆ బిళ్ళలు గుండెని కూడా దెబ్బతీసి ఉండొచ్చు గనక దాన్ని మళ్ళీ చూడాలని, ఇప్పుడే ఏదీ చెప్పలేమని డాక్టరమ్మ అంది. భార్యకి రక్తపోటు దిగుతోంది. గోడ పట్టుకుని బిడ్డ ఉన్న గది దాకా నడిచి వస్తుంది, అద్దానికి నుదురు ఆనించి నిలబడుతుంది. అతను పక్కనే నిలబడతాడు, ఆమె పక్కకి జరగదు, దగ్గరికీ జరగదు. ఇవాళ మాత్రం, అద్దం మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"డాక్టరు మీతో ఏం చెప్పింది? ఉన్నదున్నట్టు చెప్పండి."

గుండె సంగతి కూడా దాచకుండా మొత్తం చెప్పాడు. విని ఆమె ఏడ్చింది. అతను ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కన నిలబడ్డాడు. ఇవాళ్టికి చేతిలో ఉన్నది ఇంతే.